తోకచుక్క మరల వచ్చినదని నిశ్చయించుట యెట్లు?

సూర్యచంద్రులును గ్రహములును ఆకాశమున నియమము తప్పక సంచరించుచుండును. రాబోవు గ్రహణమును పంచాంగకర్త ఏడాది ముందుగనే గణించి చెప్పగలడు. తోకచుక్క యట్టిది కాదనియు, అది పిలువని పేరంటమువలె ఎప్పుడో వచ్చి ఎటో పోవుననియు పూర్వులు తలచిరి. తోకచుక్కలకు కేతువులని పేరు. వరాహమిహిరుడు తన బృహత్సంహితలో కేతువులకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము వ్రాసియు, వాని ఉదయాస్తమయములను గణితముచే ఎరుగుట సాధ్యము కాదనెను. ఆనాటికి ఆ మాట సత్యమే.

నేడది అన్ని తోకచుక్కలకును చెల్లదు. సూర్యుని చుట్టి మరల మరల వచ్చునవని రుజువై, వరుససంఖ్యలు పొందిన తోకచుక్కలు నాలుగువందలకు పైగా ఉన్నవి. ఏది ఎప్పుడు వచ్చునో పట్టికలు వ్రాసి ఉంచుచున్నారు. అయితే, ఆకాశమున ఒక మసక వెలుగు కనబడినంతమాత్రమున, ఇది డెబ్బదియేండ్ల క్రిందట వచ్చినదే, క్రొత్తది కాదు అని యెట్లు తెలియును? ఈ పాఠమున మేము చెప్పదలచినది ఈ యొక్క విషయమునే.

రూపమును బట్టి కాదు, మార్గమును బట్టి

మనము తోకచుక్క అందుము. మన పొరుగున తమిళులు వాల్ నట్చత్తిరమ్ అందురు. కన్నడిగులు ధూమకేతు అందురు. ఒకరు తోకను, మరియొకరు పొగవంటి వెలుగును చూచి పేరు పెట్టిరి. కాని ఖగోళశాస్త్రజ్ఞుడు దానిని గుర్తించునది తోకను చూచి కాదు, పొగను చూచియు కాదు.

తోకచుక్క యనునది ధూళియు రాళ్లును కలిసిన మంచుగడ్డ. హేలీ తోకచుక్కలోని గడ్డ సుమారు 15 కిలోమీటర్ల పొడవు గలది. సూర్యునకు దూరముగా నున్నంతకాలము దానికి తోక యుండదు. అప్పుడది గొప్ప దూరదర్శినికి సైతము ఒక మసక చుక్కగా మాత్రమే కనబడును. సూర్యుని సమీపించిన కొలది మంచు ఆవిరియై, ధూళిని వెంటగొని, సూర్యునకు ఎదురుదిక్కున తోకగా సాగును. ఆ తోక ఒకమారు పొడవుగా నుండవచ్చును, మరియొకమారు పొట్టిగా నుండవచ్చును. హేలీ తోకచుక్క 1910లో ఆకాశమున గొప్పగా వెలిగెను. అదియే 1986లో సూర్యుని సమీపించినప్పుడు భూమి సూర్యునకు ఆవలిప్రక్క నుండుటచే పలువురికి కంటికి ఆనలేదు. కావున రూపమును నమ్మరాదు.

మార్గము నమ్మదగినది. 1680లో వచ్చిన తోకచుక్క సూర్యుని ఆకర్షణకు లోబడి నడచినదని న్యూటను 1687లో ప్రకటించిన తన గ్రంథమున నిరూపించెను. నక్షత్రములు మనకు మైలురాళ్ల వంటివి. తోకచుక్క ఏ రాత్రి ఏ నక్షత్రమునకు ఎంత దూరమున నున్నదో కొలిచి, అట్టి స్థానములు కనీసము మూడు సంపాదించినచో, దాని కక్ష్యను గణింపవచ్చును. ఆ కక్ష్య భూకక్ష్యకు ఎంత వాలియున్నది, ఏ దిక్కునకు తిరిగియున్నది, సూర్యునకు ఎంత చేరువకు వచ్చుచున్నది, తోకచుక్క దానిపై ఎటునుండి ఎటు నడచుచున్నది అను వివరములే దాని ఆనవాళ్లు. ఈ ఆనవాళ్లన్నియు రెండు తోకచుక్కలకు ఒకేరీతిగ కుదిరినచో, ఆ రెండును ఒక్కటే యని అనుమానింప వీలగును. అనుమానము మాత్రమే సుమా! నిశ్చయమునకు ఇంకను పని యున్నది.

హేలీ చెప్పినది

ఆంగ్లదేశీయుడగు ఎడ్మండు హేలీ పూర్వము వచ్చిన 24 తోకచుక్కల కక్ష్యలను గణించి 1705లో ప్రకటించెను. అందు 1531, 1607, 1682 సంవత్సరములలో వచ్చిన మూడింటి ఆనవాళ్లు కలిసినవి. 1607 నాటిదానిని కెప్లరు చూచి వ్రాసియుంచెను. 1682 నాటిదానిని హేలీయే స్వయముగా చూచెను. ఈ మూడును ఒక్కటే యనియు, అది 1758 ప్రాంతమున మరల వచ్చుననియు హేలీ ప్రకటించెను.

ఒక చిక్కు మాత్రము మిగిలెను. మొదటి రెండు రాకల నడుమ 76 సంవత్సరములకు పైన రెండు నెలలు గడచినవి. తరువాతి రెండింటి నడుమ 75 సంవత్సరములు సైతము నిండలేదు. ఒక్కటే తోకచుక్క యైనచో ఏడాదికి పైగా ఈ తేడా యేల? గురుగ్రహము దారిలో దానిని లాగుటచే ఈ మార్పు కలుగునని హేలీ ఊహించెను. ఆయన 1742లో మరణించెను. తాను చెప్పినది నిజమగుట చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను.

గడువు సమీపించినప్పుడు ఫ్రాన్సు దేశమున క్లెరో అను గణితజ్ఞుడు, లలాందు అను ఖగోళజ్ఞుడు, నికోల్ రేన్ లెపోత్ అను విదుషీమణి కలిసి గురు శనిగ్రహముల ఆకర్షణను లెక్కించుటకు పూనుకొనిరి. చేతిలెక్కతోనే నెలల తరబడి శ్రమించిరి. శని వలన నూరు దినములు, గురుని వలన 518 దినములు ఆలస్యము కలుగునని తేలెను. తోకచుక్క 1759 ఏప్రిల్ నడుమ సూర్యునకు మిక్కిలి చేరువగునని, ఒక నెల అటునిటు కావచ్చునని 1758 నవంబరులో క్లెరో ప్రకటించెను.

ఆ డిసెంబరు 25వ తేదీ రాత్రి జర్మనీలో డ్రెస్డెను నగర సమీపమున పాలిచ్ అను రైతు దానిని మొదట కనుగొనెను. ఆయన స్వయంకృషితో శాస్త్రము నేర్చినవాడు. పారిసులో మెస్సియే అను పరిశీలకుడు చాలకాలముగా వెదకుచుండియు, తన పెద్ద యగు దెలీల్ గీసి ఇచ్చిన పటము సరిగా లేకపోవుటచే, 1759 జనవరి 21న గాని చూడలేకపోయెను. చూచిన తరువాతను దెలీల్ ఆ వార్తను ఏప్రిల్ వరకు వెల్లడి కానీయలేదు. తోకచుక్క సూర్యునకు మిక్కిలి చేరువైనది మార్చి 13న. చెప్పిన గడువునకు ఒక నెల ముందు. యురేనసు, నెప్ట్యూను గ్రహములు ఇంకను కనుగొనబడని కాలమున ఇది సామాన్య విజయము కాదు.

ఇందు విద్యార్థులు గమనింపవలసిన విషయము కలదు. లెక్క వేసినవారు వేరు, చూచినవారు వేరు. లెక్క లేనిదే ఎక్కడ చూడవలెనో తెలియదు. చూపు లేనిదే లెక్క నిజమో కాదో తెలియదు. కనుగొన్నది దాచుకొన్నచో ఇతరులు సరిచూచుటకు వీలు లేదు.

వెదకుట, సరిచూచుట

ఈ కాలమున ఒక తోకచుక్క రాకను ఎట్లు నిర్ధారించుదురో వరుసగా చెప్పెదము.

మొదటిది పట్టిక. పూర్వపు రాకలలో కొలిచిన స్థానముల నన్నిటిని కూర్చి, గ్రహముల ఆకర్షణను లెక్కించి, రాబోవు రాకలో ఏ రాత్రి ఎక్కడ నుండునో వ్రాయుదురు. ఇది తోకచుక్కకు పంచాంగము వంటిది.

రెండవది ఛాయాచిత్రము. పట్టిక చెప్పిన చోటును దూరదర్శినితో కొంతకొంత వ్యవధిలో పలుమార్లు చిత్రింతురు. నక్షత్రములు కదలక యుండును. తోకచుక్క కొంచెముగా జరుగును. ఆ జరుగుట పట్టికలోని దిక్కునకు, వేగమునకు సరిపోవలెను. ఆకాశమున కదలక మసకగా కనబడు వెలుగులు చాల కలవు. వానిని చూచి తోకచుక్కలని భ్రమపడుచుండుట చేతనే మెస్సియే వానికి ఒక జాబితా తయారుచేసెను. అది నేటికిని వాడుకలో నున్నది.

మూడవది మరునాటి రాత్రి. ఒక్క రాత్రి కనబడినది చిత్రములోని లోపము కావచ్చును, దారిన పోవు చిన్న గ్రహశకలము కావచ్చును. మరియొక రాత్రి, సాధ్యమైనచో మరియొక వేధశాలనుండి, మరల చూడవలెను.

నాలుగవది కూడిక. క్రొత్త స్థానములను పూర్వపు స్థానములతో కలిపి ఒక్క కక్ష్యలో నిముడునా యని చూతురు. ఇక్కడ ఒక ఉపమానము చెప్పెదము. మన ఊరికి వచ్చు రైలు ఒక గంట ముందుగ రావచ్చును, ఆలస్యముగ రావచ్చును. కాని అది పట్టాలు విడిచి ప్రక్క పొలములో రాదు. అట్లే తోకచుక్క గడువునకు కొంత ముందు వెనుకలుగా రావచ్చును. దాని దారి మాత్రము దాదాపు అదియే. కనబడిన చుక్క ఆ దారి మీద నున్నచో, వచ్చిన కాలమును కొన్ని గంటలో దినములో సవరించినంతనే అన్ని స్థానములును కుదురును. దారికి దూరముగా ప్రక్కకు నున్నచో అది వేరొకటి యని అనుమానింపవలెను.

ఐదవది ప్రకటన. అంతర్జాతీయ ఖగోళ సంఘము పక్షమున అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున ఒక కేంద్రము ఈ స్థానములను సేకరించి సరిచూచును. రెండవ రాక నిశ్చయమైన పిదప తోకచుక్కకు శాశ్వతమైన వరుససంఖ్య ఇత్తురు. హేలీ తోకచుక్కకు ఒకటవ సంఖ్య, ఎంకె తోకచుక్కకు రెండవ సంఖ్య.

ఈ పద్ధతి ఎంత సూక్ష్మమైనదో హేలీ తోకచుక్కయే చెప్పుచున్నది. 1909 సెప్టెంబరు 11న జర్మనీలో హైడెల్‌బర్గు నుండి మాక్సు వుల్ఫు తీసిన ఛాయాచిత్రమున అది కనబడెను. ఆ రాకను ఆంగ్లేయ గణకులు మూడు దినముల తేడాతో ముందుగ చెప్పగలిగిరి. తరువాత 1982 అక్టోబరు 16న అమెరికాలో పలోమారు కొండమీది ఐదు మీటర్ల దూరదర్శినికి అది చిక్కెను. అప్పటికది శనిగ్రహ కక్ష్యకు ఆవల, సూర్యునకు భూమికి గల దూరమునకు పదునొకండు రెట్ల దూరమున నుండెను. తోక లేదు, పొగ లేదు, చుక్క మాత్రమే. అయినను లెక్క చెప్పిన చోటుకు అతి చేరువగ నున్నందున గుర్తుపట్టిరి.

తోకచుక్క తన్ను తాను నెట్టుకొనుట

ఇంత లెక్కించినను కొన్ని తోకచుక్కలు కొంచెము తప్పించుకొనును. ఎంకె అను జర్మను గణకుడు 1786, 1795, 1805, 1818 సంవత్సరములలో నలుమారులు కనబడినది ఒక్కటే తోకచుక్క యని తేల్చి, అది 1822లో వచ్చునని చెప్పెను. అందు 1795 నాటిదానిని కనుగొన్నది కారొలిన్ హెర్షెల్ అను వనిత. చెప్పినట్లే 1822 జూను 2న ఆస్ట్రేలియాలోని పరమట్ట వేధశాలలో ర్యూమ్కర్ దానిని చూచెను. అది 3.3 సంవత్సరములకు ఒకమారు సూర్యుని చుట్టును. కాని ప్రతి చుట్టునకును సుమారు రెండున్నర గంటలు ముందుగ వచ్చుచుండెను. కారణము 1950లో గాని తేలలేదు. సూర్యునివేడికి ఆవిరి ఒకప్రక్కనుండి చిమ్మి, తోకచుక్కను స్వల్పముగ నెట్టునని విపుల్ అను శాస్త్రజ్ఞుడు వివరించెను. దీపావళినాడు మీరు కాల్చు తారాజువ్వ పైకి లేచుటయు ఇట్టి నెట్టుడు చేతనే. నేటి పట్టికలలో ఈ నెట్టుడును సైతము లెక్కింతురు. 1986లో హేలీ తోకచుక్క రాకను గంటల తేడాతో చెప్పగలిగినది ఇందుచేతనే.

చెన్నపట్టణమున రెండు ఉదయములు

నిశ్చయించుట యెంత కష్టమో తెలుపు కథ ఒకటి మన చెన్నపట్టణముననే జరిగినది.

బీలా తోకచుక్క యని ఒకటి 6.6 సంవత్సరములకు ఒకమారు వచ్చుచుండెను. 1846లో వచ్చినప్పుడు అది రెండుగా చీలెను. 1852లో రెండును వచ్చినవి. ఆ తరువాత దాని జాడ లేదు. 1866లో చక్కగా కనబడవలసియు కనబడలేదు. 1872 నవంబరు 27 రాత్రి, భూమి దాని దారిని దాటుచుండగా, ఐరోపాలో వేలకొలది ఉల్కలు రాలినవి. తోకచుక్క భూమిని తాకి పోయినదేమో యని జర్మనీలోని గొట్టింగెను వేధశాలలో క్లింకర్‌ఫ్యూస్ తలచెను. ఉల్కలు వచ్చిన దిక్కునకు ఎదురుదిక్కున, దక్షిణాకాశములోని సెంటారస్ నక్షత్రమండలమున, అది పోవుచు కనబడవలెనని ఆయన ఊహ. ఐరోపానుండి అచ్చట చూచుటకు వీలు లేదు. అందుచే చెన్నపట్టణమున నుంగంబాకము వేధశాలలో నున్న నార్మన్ పాగ్సనునకు తంతి పంపెను.

ఆకాశము మబ్బు కమ్మియుండెను. అయినను పాగ్సను డిసెంబరు మొదటి దినములలో తెల్లవారుజామున మబ్బుల సందున రెండు ఉదయములు తోకచుక్క వంటి యొక వస్తువును చూచి స్థానము కొలిచెను. మూడవ ఉదయము దొరకలేదు. మబ్బులు విడలేదు. ఐరోపాలో మొదట సంతోషించిరి. కాని రెండు స్థానములతో కక్ష్య తేలదు. నేలమీద రెండు గుర్తులు పెట్టి వానిగుండ ఎన్ని వంకరగీతలైనను గీయవచ్చును గదా! బీలా తోకచుక్క దారితో పోల్చి చూడగా పాగ్సను చూచిన వస్తువు దానికి సరిపోలేదు. అది మరియేమో నేటికిని తేలలేదు.

పాగ్సను అసత్యము చెప్పలేదు. చూచినదానిని చూచినట్లు వ్రాసియుంచెను. దొరకని మూడవ ఉదయమును కల్పించుకొనలేదు. శాస్త్రజ్ఞులును తమకు ప్రియమైన ఫలితము వచ్చినదని తొందరపడి ముద్ర వేయలేదు. తెలియనిదానిని తెలియనిదిగనే వ్రాసియుంచుట సైతము శాస్త్రధర్మమే. బీలా తోకచుక్క నేడు నశించినవాని పట్టికలో మూడవ సంఖ్యతో నున్నది.

వ్రాసియుంచినవారి పుణ్యము

1862లో స్విఫ్టు, టటిలు అను అమెరికనులు కనుగొన్న తోకచుక్క సుమారు 120 సంవత్సరములకు వచ్చునని లెక్క తేలెను. 1982 ప్రాంతమున ఎందరో వెదకిరి. రాలేదు. కొందరు అది పోయినదనిరి. కాని మార్స్‌డెన్ అను గణకుడు 1973లోనే వేరొక దారి చూపియుండెను. 1737లో చీనాదేశమున పీకింగు నగరము నుండి కెగ్లర్ అను క్రైస్తవ మతగురువు ఒక తోకచుక్కను చూచి వ్రాసియుంచెను. అదియు ఇదియు ఒక్కటే యైనచో రాక 1992 నవంబరున కలుగునని మార్స్‌డెన్ చెప్పెను. 1992 సెప్టెంబరు 26న జపానులో కియుచి అను పరిశీలకుడు దానిని కనుగొనెను. డిసెంబరు 12న అది సూర్యునకు మిక్కిలి చేరువయ్యెను. గడువునకు తేడా పదునేడు దినములు మాత్రమే. ప్రతి సంవత్సరము ఆగస్టు 12, 13 తేదీల ప్రాంతమున రాలు ఉల్కలు ఈ తోకచుక్క విడిచిన ధూళియే. అది మరల 2126లో వచ్చును.

కెగ్లరునకు 1862 సంగతి తెలియదు, 1992 సంగతి తెలియదు. ఆయన తన రాత్రి చూచినది శ్రద్ధగా వ్రాసెను. 255 సంవత్సరములకు పిదప ఆ వ్రాత పనికివచ్చెను. ఎవరి భాషలో వ్రాసినదైనను, తేదీయు స్థానమును సరిగా నున్న వ్రాత నశింపక ఉపయోగపడును.

తల్లిదండ్రులకును విద్యార్థులకును

1910లో హేలీ తోకచుక్క తోకలో విషవాయువు కలదని తెలిసి, భూమి ఆ తోకగుండ పోవునని విని, నాగరిక దేశములలో సైతము జనులు బెదరిరి. ఏ కీడును జరుగలేదు. ఆ తోక గాలికన్న ఎంతో పలుచనిది. ఆ సంవత్సరముననే విజయనగరమున గురజాడ అప్పారావుగారు తమ ముత్యాలసరాలలో ఆ తోకచుక్కను కీడునకు గుర్తుగ గాక, సంఘసంస్కారమున కెత్తిన జెండాగ భావించిరి. తోకచుక్క వచ్చినప్పుడు పిల్లలను లోపల దాచక, తెల్లవారుజామున లేపి చూపించుడని పెద్దలను మేము కోరుచున్నాము.

హేలీ తోకచుక్క మరల సూర్యునకు మిక్కిలి చేరువగునది 2061 జులై 28న. నేడు ఈ పాఠశాలలో చదువుకొను బాలబాలికలు అప్పటికి తల్లిదండ్రులై, కొందరు తాతలై, అమ్మమ్మలై యుందురు. దానిని చూచినప్పుడు ఇది 1682లో హేలీ చూచినదే యని తమ పిల్లలకు చెప్పుదురు. ఎట్లు తెలియునని పిల్లలడిగినచో, పెద్దలు చెప్పిరి అను జవాబు చాలదు. దారి కలిసినది, లెక్క కుదిరినది, ఒకరు చూచినది మరియొకరు సరిచూచిరి అని చెప్పగలుగవలెను.

అంతవరకు వేచియుండ నక్కరలేదు. ఇప్పుడే చేయదగిన పని యొకటి కలదు. గురుగ్రహము రాత్రి కనబడు నెలలలో, దాని చుట్టునున్న నక్షత్రములతో సహా వారమునకు ఒకమారు ఒక కాగితముపై గీయుడు. తేదీయు వేళయు వ్రాయుడు. మూడు పటములైన పిదప నాలుగవ వారమున అది ఎక్కడ నుండునో ముందుగ గుర్తు పెట్టుడు. వేరొక వీధిలోని మిత్రుని, మీ పటము చూపక, ప్రత్యేకముగ గీయుమనుడు. రెండు పటములును మీ గుర్తును కలిసినచో మీ గణన నిలిచినట్లు. కలియనిచో చెరపక, తేడా యెంతయో వ్రాసియుంచుడు.

అభ్యాసము

1. తోకచుక్కను దాని రూపమును బట్టి ఏల గుర్తింపరాదు?
2. 1531, 1607, 1682 సంవత్సరముల రాకల నడుమ కాలము సమానముగ లేకపోవుటకు కారణమేమి?
3. కక్ష్యను తేల్చుటకు రెండు స్థానములు ఏల చాలవు? పాగ్సను కథ ఆధారముగ వ్రాయుడు.
4. ఎంకె తోకచుక్క గడువునకు ముందుగ వచ్చుటకును తారాజువ్వ పైకి లేచుటకును గల పోలిక యేమి?
5. మీ యింటిలో పెద్దలు 1986 నాటి హేలీ తోకచుక్కను గూర్చి ఏమి జ్ఞాపకముంచుకొనిరో అడిగి, వారి మాటలలోనే పది వాక్యములు వ్రాయుడు. వారు చూచినది ఏది, విన్నది ఏది యని వేరుపరచుడు.